తలవ్రాతయు తథాగతుడును

చిత్తూరు సీమలో పాకాల యను రైలు కూడలి గలదు. ధర్మవరమునుండి యొక దారియు, కాట్పాడినుండి యొక దారియు వచ్చి యచ్చట కలసి తిరుపతికి సాగును. పందొమ్మిదవ శతాబ్ది చివరి పదియేండ్లలో ఆ యినుపదారి పడినది మొదలు అనంతపురము, కదిరి, మదనపల్లె ప్రాంతముల యాత్రికులు ఆ స్టేషను మీదుగా కొండకు పోవుచున్నారు. మీటరుగేజి పోయి బ్రాడుగేజి వచ్చినది, ఆవిరియింజను పోయినది, ప్లాటుఫారము మీది సంభాషణ మాత్రము మాఱలేదు. బిడ్డ జ్వరముతో పోయినదా, తలవ్రాత యందురు. చేను ఎండినదా, స్వామి చిత్తమందురు. అల్లుడు త్రాగివచ్చి కూతురిని కొట్టుచున్నాడా, ఏమో, ఏదో యట్లు జరిగిపోవుచున్నది, మన చేతిలో నేమున్నదందురు. పాకాలలోనే కాదు, మన యిండ్ల వంటయింటిలోను, వసారాలోను ఈ మూడు సమాధానములే చెల్లుబడి యగుచున్నవి. చదువుకొన్నవారు వానినే కొంచెము సంస్కృతము కలిపి ప్రారబ్ధమనియు, ఈశ్వరేచ్ఛ యనియు, యాదృచ్ఛికమనియు పలుకుదురు. అంతకుమించి భేదము లేదు.

ఈ మాటలలో దుఃఖితునకు కొంత యోదార్పు కలదని మేమును ఒప్పుకొందుము. కాని యోదార్పు వేఱు, నిదానము వేఱు. కడుపునొప్పితో మెలికలు తిరుగు వాని తల నిమిరినచో వానికి హాయిగానే యుండును. అంతమాత్రమున నొప్పికి మూలము తెలియదు. మూలము తెలియనిచోట మందు లేదు. మందు లేనిచోట ఓదార్పే వృత్తియై, ఓదార్చువారే పెద్దలై కూర్చుందురు. మన దేశమున జరిగినది ఇదియే యని మా వాదము.

ఆశ్చర్యమేమన, ఈ మూడు సమాధానములను ఒకచోట చేర్చి, ఒక్కొక్కదానిని పేరుపెట్టి నిలదీసిన మహానుభావుడు సుమారు రెండువేల అయిదువందల యేండ్ల క్రిందటనే యీ భరతఖండమున తిరిగెను. అంగుత్తరనికాయమున త్రికనిపాతములో ఆ ప్రసంగము గలదు. మనుష్యుడనుభవించు సుఖదుఃఖములన్నియు పూర్వకర్మఫలమే యనువారొకరు. అన్నియు ఈశ్వరనిర్మితమే యనువారొకరు. అన్నిటికిని హేతువే లేదనువారొకరు. గౌతముడు ఈ మువ్వురియొద్దకును పోయి యొకే ప్రశ్న వేసెను. మీరు చెప్పునది నిజమైనచో, హత్య చేయువాడు పూర్వకర్మ చేత హంతకుడు, లేదా ఈశ్వరసృష్టి చేత హంతకుడు, లేదా కారణము లేకయే హంతకుడు కావలెను గదా. అప్పుడు ఇది చేయదగినది, ఇది చేయదగనిది యను మాటకు చోటెక్కడ? ప్రయత్నమునకు చోటెక్కడ? మువ్వురును సమాధానము చెప్పజాలరైరి.

చదువరులు ఈ వాదమునందలి సూక్ష్మమును గమనింపవలెను. ఆయన ఈశ్వరుడు లేడని ముందుగా చాటి తరువాత తర్కమునకు దిగలేదు. ఏ సిద్ధాంతము మనుష్యుని చేతినుండి పని లాగివేయునో, ఆ సిద్ధాంతము దుఃఖమునకు సమాధానము కాజాలదనెను. అది దేవుని పేరుతో వచ్చినను, కర్మ పేరుతో వచ్చినను, కాకతాళీయమను పేరుతో వచ్చినను ఒకటే. బుద్ధుని నాస్తికుడని నిందించువారును, నాస్తికుడని కొనియాడువారును ఈ చోటును దాటి పోవుచున్నారు. పూర్వకర్మవాదమును దేవునితో సమానముగా త్రోసిపుచ్చిన సంగతి యిరువురకును రుచింపదు.

ఈ త్రోసిపుచ్చుట మన కేల కావలెను? ఒక్క నిదర్శనము చూపెదము. పట్టణములలో మురుగుకాలువ మూతదీసి లోనికి దిగి ఊపిరాడక చచ్చువారి వార్తను మనము పత్రికలో చదువుచున్నాము. మనుష్యులచేత మలము నెత్తించు వృత్తిని నిషేధించుచు 1993లో నొక చట్టము, 2013లో మఱియొక చట్టము వచ్చినవి. అయినను ఆ చావులు ఆగలేదు. ఎందుచేత? వారు ఆ కులమున పుట్టుట పూర్వజన్మపాపమని లోలోపల నమ్మినవాడు చట్టమును కాగితముగా చూచునేకాని కర్తవ్యముగా చూడడు. తలవ్రాత యను మాట బాధపడువాని నోట వచ్చినప్పుడు ఓదార్పు. ప్రక్కవాని నోట వచ్చినప్పుడు అది తప్పించుకొనుట. మన యిండ్లలో ఈ మాటను ఎక్కువగా పలుకునది రెండవ వారే.

మోళియసీవకుడను పరివ్రాజకుడు బుద్ధుని ఇదే విషయమడిగినట్లు సంయుత్తనికాయమున నున్నది. అందుకు తథాగతుడు చెప్పిన జాబితా మిక్కిలి ముచ్చటైనది: కొన్ని బాధలు పిత్తము వలన కలుగును, కొన్ని శ్లేష్మము వలన, కొన్ని వాతము వలన, కొన్ని మూడును కలసి, కొన్ని ఋతువు మాఱుట చేత, కొన్ని అజాగ్రత్త నడత చేత, కొన్ని పరులు కొట్టుట చేత, కొన్ని కర్మవిపాకము చేత. ఎనిమిదింటిలో కర్మ యొకటి మాత్రమే, అదియు కడపటిది. బాధలన్నిటిని దానిపై వేయువారు తమకు తెలిసినదానిని, లోకము సత్యమని యెఱిగినదానిని మీఱి మాటలాడుచున్నారని ఆయన తీర్పు. జ్వరము వచ్చినచో వైద్యుని పిలువుము, కొట్టినచో కొట్టినవానిని పట్టుము అని విశదముగా చెప్పినట్లే కదా! త్రాగి కొట్టు అల్లుని సంగతి యీ జాబితాలో ఏడవది. దానికి మూలము జాతకచక్రములో వెదుకనక్కరలేదు.

ఇక మ్రొక్కుల సంగతి. దీనిని గూర్చి వ్రాయుట కత్తిమీద సామని మాకు తెలియును. పాకాలకు నలుబది కిలోమీటర్ల దూరమున తిరుపతి యుండగా మఱియు కష్టము. ఆపదమ్రొక్కులవాడని మన పెద్దలు పిలిచిన స్వామికే వడ్డికాసులవాడని యింకొక పేరు గలదు. తన పెండ్లికి కుబేరునియొద్ద అప్పుచేసి, ఆ వడ్డి నేటికిని తీర్చుచున్నాడని స్థలపురాణము. భక్తులు ముడుపులు కట్టి, నిలువుదోపిడి యిచ్చి, తల వెండ్రుకలర్పించి ఆ వడ్డికి తోడ్పడుచున్నారు. ఇటీవలి యేండ్లలో హుండీ రాబడి సాలున వేయి కోట్ల రూపాయలను మించినది. ఆ ధనముతో అన్నదానమును, విద్యాలయములును, వైద్యాలయములును నడచుచున్నవి. వానిని మేము కాదనము. మా కన్ను హుండీ మీద లేదు. ముడుపు కట్టు వేళ మనస్సులో జరుగు బేరము మీదనున్నది. పెండ్లికి అప్పుచేసిన దేవుని కథ విని నవ్వుకొను తండ్రి, తన కూతురి పెండ్లికి పొలము తాకట్టుపెట్టి, ఆ తాకట్టు విడిపించుమని ఆ దేవునికే మ్రొక్కుచున్నాడు. వరకట్నమును నిషేధించు చట్టము 1961లో వచ్చినది. ఆ యప్పునకు మూలము కొండమీద లేదు; వరుని తండ్రి నోటనున్నది, వధువు తండ్రి పరువునందున్నది. ఈ రెండు చోట్లను తాకకుండ మూడవచోట మ్రొక్కుట యేమి న్యాయము?

దీఘనికాయమున తేవిజ్జసుత్తములో బుద్ధుడు అచిరవతీనదిని చూపి చెప్పిన దృష్టాంతము ఇచ్చట తలపునకు వచ్చుచున్నది. నది నిండుగా పాఱుచున్నది. ఒకడు ఈ యొడ్డున నిలిచి, ఆవలి యొడ్డును పేరుపెట్టి పిలిచి, ఇటు రమ్మని వేడుకొనుచున్నాడు. వాడు పిలిచినంతమాత్రమున, స్తుతించినంతమాత్రమున ఆ యొడ్డు ఇటు వచ్చునా? రాదని వినువాడే ఒప్పుకొనెను. అందే యింకొక దృష్టాంతము గలదు: దేశమునందలి అందగత్తెను ప్రేమించుచున్నానని ఒకడు చెప్పును, ఆమె పేరేమి, ఊరేమి, పొడవరియా, పొట్టిదా యని యడిగిన ఏమియు తెలియదనును. ఆ ప్రేమను ఏమనవలెను? బ్రహ్మసాయుజ్యమునకు దారి చూపుదుమను పండితులలో ఒక్కడైనను, వారి గురువులలో ఒక్కడైనను, బ్రహ్మను కన్నులార చూచినవాడున్నాడా యని ఆయన యడిగెను. లేడని ప్రత్యుత్తరము.

బుద్ధుని గ్రంథములలో దేవతలు లేరని యెవ్వరైన చెప్పినచో వారు ఆ గ్రంథములు తెఱచి చూడలేదన్నమాట. దేవతలు కావలసినంతమంది యున్నారు. అయితే వారును పుట్టి గిట్టువారే, రక్షకులు కారు. కేవట్టసుత్తమునందలి కథ చూడుడు. నాలుగు మహాభూతములు ఎక్కడ నిశ్శేషముగా నశించునని యొక భిక్షువు దేవలోకములన్నియు తిరిగి యడిగెను. ఒక్కొక్క దేవత మాకు తెలియదు, పై వారినడుగు మని పంపెను. కడకు మహాబ్రహ్మ కనబడి, నేను స్రష్టను, నేను ప్రభువును, భూతభవ్యములకు తండ్రినని గంభీరముగా పలికెను. నేనడిగినది అది కాదు స్వామీ యని భిక్షువు మరల మరల అడుగగా, మహాబ్రహ్మ అతని చేయిపట్టి ప్రక్కకు తీసికొనిపోయి, ఈ దేవతలు నాకు అన్నియు తెలియునని నమ్ముచున్నారు, అందుచే వారి యెదుట చెప్పలేదు, నాకును తెలియదు, పోయి బుద్ధునే అడుగుమనెను. మన కచేరీలలో ఒక బల్లనుండి యింకొక బల్లకు పంపబడిన అనుభవము గలవారు ఈ కథను మఱింత రుచితో చదువుదురు.

లోకము శాశ్వతమా, అశాశ్వతమా, తథాగతుడు మరణానంతరము ఉండునా, ఉండడా యని మాలుంక్యపుత్రుడు నిలదీసినప్పుడు విషబాణము తగిలినవాని కథ చెప్పబడినది. బాణము వేసినవాని కులమేమి, ఊరేమి, వింటినారి దేనితో పేనినది యని తెలిసినదాక బాణమును పెఱుకనీయనన్నవాడు తెలియకమునుపే చచ్చును. ఈశ్వరుడున్నాడా యను ప్రశ్నయు అందే చేరినదని కొందరు ఉపన్యాసములలో చెప్పుచున్నారు. ఆ పది ప్రశ్నలలో అది లేదు. ఈశ్వరకర్తృత్వమును గూర్చి బుద్ధుడు మౌనము వహింపలేదు. పైని చెప్పినట్లు దానిని ఖండించెను.

ఇచ్చట మా మిత్రులైన సంస్కర్తలే మాపై లేతురు. దేవుడు లేనిచో నీతికి ఆధారమేది? భయము లేనిచో భక్తి లేదు, భక్తి లేనిచో నడవడి లేదందురు. వీరేశలింగముగారు ఏకేశ్వరవాదులు కారా యని అడుగుదురు. అవును. ఆయన జీవితమంతయు ఈశ్వరప్రార్థనతో నడచినది. కాని 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున ఆయన తొలి వితంతువివాహము చేయించినప్పుడు ఏమి చేసిరో చూడుడు. ఆ బాలిక వైధవ్యదుఃఖమునకు తలవ్రాత కారణమని ఆయన చెప్పలేదు. ఈశ్వరుడు విధించినాడని చెప్పలేదు. ఊరక జరిగినదని చెప్పలేదు. మనుష్యులు కల్పించిన ఆచారము కారణము, మనుష్యులే దానిని మాన్పవలెననెను. ప్రార్థన ఎవ్వరికి చేసినను, ఆ దినమున ఆయన త్రొక్కిన త్రోవ మేము చెప్పుచున్న త్రోవయే. దేవుని నమ్మి యిట్లు పనిచేయువారితో మాకు తగవు లేదు. దేవుని పేరుచెప్పి పని మానువారితోనే మా తగవు.

రెండవ యాక్షేపణ దీనికన్న వ్యాపించినది. బుద్ధుడు కోరికలు చంపుకొమ్మన్నాడు, లోకమంతయు దుఃఖమన్నాడు, సంసారులకు ఆ మతమేల యని. కోరిక యను మాటయే యీ చిక్కునకు కారణము. ఆయన వాడిన మాట తణ్హా, సంస్కృతమున తృష్ణ, తెలుగున దప్పిక. దప్పిక యేమో చిత్తూరు రైతునకు ఒకరు చెప్పనక్కరలేదు. ఒకనాడు కపిల కట్టి ఎద్దులతో తోడగలిగినంత లోతున బావులలో నీరుండెడిది. పూడిపోయిన చెరువును త్రవ్వుకొను నలుగురి కట్టుబాటు సడలినది. ఒకడు బోరు వేసెను. వాని పొరుగువాడు అంతకన్న లోతుగా వేసెను. మొదటివాని బోరు ఎండెను. వాడు అప్పుచేసి మరల వేసెను. నేడు వేయి అడుగులు దించినను తడి తగులని బోర్లు ఆ సీమలో కలవు. నీరు కావలెననుట తృష్ణ కాదు, అది జీవనము. పొరుగువాని నీరు పోయినను నాకు చాలునని పట్టుకొనుట, చాలిన పిదపను చాలదనుట, పోయినదానికై యింకను పోగొట్టుకొనుట, ఇది తృష్ణ. ఇది కోరినదానిని తేదు, ఉన్నదానిని ఎండించును. దుఃఖమునకు సముదయము తృష్ణ యని చెప్పిన ఆర్యసత్యమునకు ఇంతకన్న వ్యాఖ్యానము మాకు తోచదు. ఆ యూరిలో వానకై యజ్ఞము చేసినను, వరుణుడు కరుణించినను, ఆ నీరు నిలుచు చెరువు పూడియేయున్నది.

మంచిపనికి పూనుకొను కోరికను బుద్ధుడు నిషేధింపలేదు. దానికి ఛందమని వేఱుపేరున్నది. ఉణ్ణాభుడను బ్రాహ్మణుడు ఆనందుని చూడవచ్చి, కోరికతో కోరికను పోగొట్టుట యెట్లు, అది అంతులేని పని కాదా యని యడిగెను. నీకు ఈ తోటకు రావలెనని కోరిక యుండెనా యని ఆనందుడడిగెను. ఉండెను. వచ్చిన పిదప ఆ కోరిక యేమైనది? తీఱినది. ఇంతే సమాధానము. ఊరు చేరినవాడు రైలు దిగును. టిక్కెట్టును కన్నులకద్దుకొని బండిలోనే కూర్చుండడు.

ఇంత స్పష్టముగా చెప్పినవానిని మనమేమి చేసితిమి? మొదట విష్ణువునకు అవతారము చేసితిమి. అదియు గౌరవముతో కాదు. రాక్షసులను మోహింపజేసి వేదమార్గమునుండి తప్పించుటకై వచ్చినాడని పురాణములు వ్రాసినవి. అనగా ఆయన చెప్పినది అబద్ధము, చెప్పినవాడు మాత్రము దేవుడు! ప్రశ్న వేసినవానిని పటము కట్టి గోడకు తగిలించినచో ప్రశ్న నోరు మూతపడును. 1956 అక్టోబరు 14న నాగపురమున బౌద్ధము స్వీకరించినప్పుడు అంబేద్కరుగారు చేయించిన ప్రతిజ్ఞలలో, బుద్ధుడు విష్ణ్వవతారమను మాటను నమ్మననునది యొకటి గలదు. అది ద్వేషము చేత చేర్చినది కాదు. ఆ చిక్కుముడి విప్పనిదే మిగిలినది బోధపడదు కనుక చేర్చినది. అంతకు ముందే, 1907లో, చెన్నపట్టణమున విజ్ఞానశాస్త్రము బోధించుచుండిన పి. లక్ష్మీనరసుగారు బౌద్ధధర్మసారమును గూర్చి ఆంగ్లమున గ్రంథము వ్రాసిరి. 1948లో దాని పునర్ముద్రణకు అంబేద్కరుగారే పీఠిక వ్రాసిరి. ఆ గ్రంథమును మన యిండ్లలో ఎందరు చదివిరి?

రాళ్లను చూచితిమా, అదియు లేదు. అమరావతి స్తూపపు చలువరాళ్లలో అనేకములు సున్నపుబట్టీల పాలైనవి. మిగిలినవానిలో కొన్ని చెన్నపట్టణమునకు, కొన్ని లండనునకు పోయినవి. నాగార్జునకొండ లోయ సాగరపు నీట మునిగినది. హైదరాబాదు హుస్సేనుసాగరున నిలుపబూనిన ఏకశిలా బుద్ధవిగ్రహము 1990లో కొందరు పనివారి ప్రాణములతో కూడ నీటిలో మునిగి, 1992లో పైకి తీయబడి నిలిచినది. సాయంకాలము దీపములతో చూడ ముచ్చటగానే యుండును.

దక్షపాతము లేకుండ ఒక మాట చెప్పవలెను. బౌద్ధులును ఈ జబ్బునకు లోనుకాకపోలేదు. నాగార్జునకొండ శాసనములలో ఇక్ష్వాకురాజులు అశ్వమేధాది యజ్ఞములు చేసినవారు. వారి యింటి స్త్రీలు బౌద్ధసంఘమునకు స్తంభములు, విహారములు ఇచ్చినవారు. రాజు మేనత్త చాంతిసిరి మహాచైత్యమునకు స్తంభము నెత్తించుచు, ఉభయలోకములందు తనవారికి హితసుఖములును, తనకు నిర్వాణమును కోరుకొనెను. ఒకే యింటిలో మగవారు హోమధూమమునందును, ఆడువారు స్తూపప్రదక్షిణమునందును పుణ్యము కూడబెట్టుకొనుచుండిరి. కోరిక పేరు మాఱినది; బేరము మాఱలేదు. మతము మార్చుకొన్నంతమాత్రమున తలవ్రాత చెఱగదని ఆ శాసనములు చదివినవారికి తోచకమానదు.

పాకాలలో ధర్మవరము బండి యెక్కినచో మదనపల్లెరోడ్డు తగులును. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారిని దివ్యజ్ఞానసమాజమువారు మైత్రేయబుద్ధునకు వాహనముగా, జగద్గురువుగా పెంచిరి. ఆయన కొఱకు ఒక సంఘము, ఆస్తులు, వేలకొలది అనుచరులు సిద్ధమైరి. 1929 ఆగస్టులో ఆయన ఆ సంఘమును తానే రద్దుచేసి, తనను అనుసరింపవలదనెను. ఆయన బౌద్ధుడనని చెప్పుకొనలేదు. మేమును ఆయనను బౌద్ధుని చేయబోము. అయినను తన దుఃఖమును, తన తృష్ణను తానే చూచుకొనవలె నని అఱువది యేండ్లు చెప్పినవాడు మన సీమవాడే. మనము రైలు మార్చుకొనునది మాత్రము ఎప్పుడును రెండవవైపునకే.

పునర్జన్మ సంగతి యేమందురు, బుద్ధుడు దానిని చెప్పలేదా యని చదువరులడుగవచ్చును. చెప్పెను. చెప్పలేదని దాచు నేటి హేతువాదుల మాట మేము అంగీకరింపము. అయితే దానిని నమ్మనివానికి తలుపు మూయలేదు. కేసపుత్తమను ఊరిలో కాలాములను గృహస్థులు, వచ్చిన ప్రతి గురువును తన మాటయే నిజమనుచుండగా ఎవరిని నమ్ముదుమని మొఱపెట్టుకొనిరి. లోభము, ద్వేషము, మోహము మనుష్యునకు మేలు చేయునా, కీడు చేయునా యని ఆయన వారినే అడిగి, కీడని వారిచేతనే చెప్పించెను. పిదప మైత్రితో నుండువానికి నాలుగు ఊరటలు గలవనెను. పరలోకమున్నచో వానికి సుగతి. లేకున్నను ఇహముననే వైరము లేక, బాధ లేక యుండును. పాపము చేసినవానికి కీడు మూడునన్నచో, వాడు చేయలేదు; మూడదన్నచో, రెండు విధములను వాడు నిర్మలుడే. కాలాములు సన్న్యసించినట్లు ఆ సుత్తమున లేదు. వారు ఉపాసకులై తమ యిండ్లకు పోయిరి.